ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ

ఈ రోజుల్లో మన మొహల్లాలో ఏ ఇంటికి పోయినా కంప్యూటరు చదువు చదివే పిల్లవాడో, ఆడపిల్లో కనిపిస్తున్నారు. ఆ పిల్లల నోట రోజుకు పదిసార్లు వినిపించే మాట అల్గారిథమ్. ఇది ఇంగ్లీషు మాట అని పిల్లలూ అనుకుంటారు, వాళ్ళ అమ్మానాన్నలూ అనుకుంటారు. నిజానికి అది ఒక మనిషి పేరు. ఇప్పటికి సుమారు పన్నెండు వందల సంవత్సరాల క్రితం బగ్దాదు నగరంలో లెక్కల పుస్తకాలు వ్రాసిన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ గారి పేరే ఐరోపావారి నోట నలిగి నలిగి చివరకు అల్గారిథమ్ అయినది. ఒక పని చేయడానికి వరుసగా అనుసరించవలసిన పద్ధతి అని దాని అర్థం. మనిషి పేరు పద్ధతికి పేరు కావడం లోకంలో చాలా అరుదు.

మన సొసైటీ వారు ఈ సంవత్సరం సావనీరుకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని కోరగా మేము ఈయనను ఎంచుకొన్నాము. దీనికి కారణం ఉంది. జల్సాలలో వక్తలు ఖ్వారిజ్మీ గారి పేరెత్తి, కంప్యూటరును మనవాళ్ళే కనిపెట్టారని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. తరువాత అందరమూ చాయ్ తాగి ఇళ్ళకు పోతాము. అయితే ఆయన వ్రాసినది ఏమిటి, ఎందుకు వ్రాశారు అని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. ఆయన ఆల్జీబ్రా పుస్తకంలో ఇంచుమించు సగం దేని గురించి ఉన్నదో తెలిస్తే ఆ చప్పట్లు కొంచెం మెల్లగా పడతాయేమో అని మా అనుమానం. ఆ సంగతికి తరువాత వస్తాము.

ఖ్వారిజ్మీ గారు క్రీ.శ. 780 ప్రాంతంలో పుట్టారని చరిత్రకారుల అంచనా. ఖ్వారిజ్మ్ అనేది అరల్ సముద్రానికి దక్షిణాన, ఆము దరియా నది పారే సీమ. ఇప్పుడు అది ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాలలో ఉన్నది. ఖీవా పట్టణం అక్కడిదే. ఆయన ఆ సీమలోనే పుట్టారని కొందరంటారు. చరిత్రకారుడు తబరీ మాత్రం ఆయన పేరు చివర బగ్దాదు దగ్గరి ఖుత్రబ్బుల్ అనే ఊరి పేరు కూడా చేర్చారు కాబట్టి, పెద్దలు ఖ్వారిజ్మ్ నుండి వచ్చినా ఆయన పుట్టుక బగ్దాదు పరిసరాలలోనే అని మరికొందరంటారు. అదే తబరీ ఆయనను మజూసీ అని కూడా పేర్కొన్నారు. అనగా అగ్నిని పూజించే పాత ఇరాను మతానికి చెందిన కుటుంబం అని. ఇది చదివి కోపం తెచ్చుకోవలసిన పని లేదు. పూర్వీకులు ఎవరైనా, ఆల్జీబ్రా పుస్తకానికి ఆయన వ్రాసుకున్న ముందుమాట చూస్తే అది అల్లాహ్‌ను స్తుతించి, ప్రవక్త గారిపై సలాము పంపి మొదలుపెట్టిన భక్తుడైన ముస్లిం వ్రాత అని తెలిసిపోతుంది.

భార్య ఎవరు, పిల్లలెందరు, ఇల్లు ఏ వీధిలో అన్న వివరాలు ఏ పుస్తకంలోనూ లేవు. పదవ శతాబ్దంలో ఇబ్నె నదీమ్ వ్రాసిన ఫిహ్రిస్త్ అనే గ్రంథంలో ఆయన గురించి కొన్ని వాక్యాలు మాత్రం గలవు. ఖలీఫా మామూన్ గారి గ్రంథాలయంలో పనిచేసేవారని, ఆయన తయారుచేసిన నక్షత్ర పట్టికల మీద జనానికి చాలా నమ్మకమని అందులో ఉన్నది. మిగిలిన జీవితమంతా ఆయన పుస్తకాలలోనే వెతుక్కోవాలి.

బగ్దాదు అప్పటికి కొత్త నగరం. ఖలీఫా మన్సూర్ 762 లో దానికి పునాది వేశారు. ఆయన కాలంలోనే, 770 తరువాత, సింధు నుండి వచ్చిన బృందంతోపాటు ఒక హిందూ జ్యోతిశ్శాస్త్ర పండితుడు ఖలీఫా దర్బారుకు వచ్చాడు. బ్రహ్మగుప్తుడు 628 లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలోని విషయం ఆ విధంగా అరబ్బీలోకి పోయింది. సిద్ధాంతం అన్న మాట అరబ్బుల నోట సింద్‌హింద్ అయ్యింది. మామూన్ 813 నుండి 833 వరకు రాజ్యం చేశారు. ఆయన కాలంలో బైతుల్ హిక్మత్ అనే విజ్ఞాన మందిరానికి మంచి రోజులు వచ్చాయి. గ్రీకు, సంస్కృతం, పహ్లవీ, సుర్యానీ భాషల పుస్తకాలు అరబ్బీలోకి దిగుతున్నాయి. తత్వవేత్త అల్ కిందీ, మూసా కుమారులైన ముగ్గురు అన్నదమ్ములు, క్రైస్తవుడైన హునైన్ బిన్ ఇస్‌హాక్ అందరూ ఆ కాలం వారే. సమర్కందు మీదుగా కాగితం తయారీ కూడా బగ్దాదు చేరింది. ఏ మతంవాడు తెచ్చాడని కాక, తెచ్చినది నిజమా కాదా అని చూసిన కాలం అది. ఖ్వారిజ్మీ గారు పనిచేసినది అటువంటి చోట.

ఆయన పేరును అల్గారిథమ్‌గా మార్చినది అంకెల పుస్తకం. మన ఇళ్ళలో 786 అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్షరాలకు విలువలు కట్టి సంఖ్యలు వ్రాసే అబ్జద్ లెక్క అది. అరబ్బులు మొదట ఆ విధంగానే అక్షరాలతో సంఖ్యలు వ్రాసేవారు. వ్రాయవచ్చు, చదవవచ్చు గాని, అక్షరాలతో రెండు పెద్ద సంఖ్యలను గుణించి చూడండి, తల తిరుగుతుంది. హిందూదేశంలో మాత్రం తొమ్మిది అంకెలు, ఒక సున్న, ఈ పదింటితోనే ఎంత పెద్ద సంఖ్య అయినా వ్రాస్తారు. ఒకే అంకె ఒకట్ల స్థానంలో ఉంటే ఒక విలువ, వందల స్థానంలో ఉంటే వేరొక విలువ. ఖ్వారిజ్మీ గారు ఈ విద్య హిందువులది అని స్పష్టంగా చెప్పి, దానితో కూడడం, తీసివేయడం, గుణించడం, భాగించడం ఎలాగో ఒక్కొక్క మెట్టుగా వివరించారు. ఆ పుస్తకం అరబ్బీ ప్రతి ఇప్పుడు లేదు. లాటిన్ అనువాదం మిగిలింది. ఖ్వారిజ్మీ చెప్పాడు అనే అర్థం వచ్చే మాటలతో ఆ అనువాదం మొదలవుతుంది. లాటిన్ చదివేవాళ్ళకు ఆ పేరు అల్గోరిజ్మీ అని వినిపించింది. కొత్త అంకెలతో చేసే లెక్కకే ఆ పేరు పెట్టేశారు.

ఇందులో ఒక తమాషా ఉంది. అరబ్బులు ఈ అంకెలను హిందీ అంకెలు అంటారు, ఐరోపావారు అరబ్బీ అంకెలు అంటారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి పేరు చెప్పుకున్నారు, అందులో తప్పు లేదు. ఐరోపాలో మొదట వీటికి చాలా ఎదురు వచ్చింది. 1299 లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరపు డబ్బు మారకం వర్తకుల సంఘం తమ ఖాతాలలో ఈ కొత్త అంకెలు వాడరాదని కట్టడి చేసింది. ఎన్ని కట్టడులు చేసినా అంకెలు మాత్రం ఆగలేదు.

ఇక అసలు పుస్తకం. దాని పేరులో అల్ జబ్ర్, అల్ ముఖాబలా అన్న రెండు మాటలున్నాయి. మామూన్ గారి ప్రోత్సాహంతో, ఆయన రాజ్యకాలంలోనే వ్రాశారు. ఉర్దూలో జబ్ర్ అంటే బలవంతం. మా బడి పిల్లలు అల్ జబ్ర్ అని విని, నిజమే ఉస్తాద్, ఇది జబ్రే అని నవ్వుతారు. అరబ్బీలో ఆ మాటకు విరిగినదాన్ని తిరిగి అతికించడం అనే అర్థం కూడా ఉన్నది. విరిగిన ఎముకను కట్టు కట్టి సరిచేయడాన్ని ఆ మాటతోనే చెబుతారు. స్పెయిను దేశంలో చాలా కాలం ఎముకలు కట్టే వైద్యుని అల్జెబ్రిస్తా అనేవారు. లెక్కలో దాని పని ఏమిటంటే, ఒక వైపు తక్కువైన దానిని రెండు వైపులా చేర్చి పూడ్చడం. ఉదాహరణకు ఒక వర్గము, నలభై మూలాలలో నాలుగు వర్గాలు తక్కువైన దానికి సమానం అంటే, ఆ నాలుగు వర్గాలను రెండు వైపులా చేరుస్తాము. ఐదు వర్గాలు నలభై మూలాలకు సమానం అవుతుంది. ముఖాబలా అంటే ఎదురెదురుగా పెట్టడం. రెండు వైపులా ఉన్న ఒకే రకం వస్తువులను ఒకదానికొకటి కొట్టివేయడం.

ఆయన పుస్తకంలో ఎక్స్, వై వంటి గుర్తులు ఒక్కటి కూడా లేవు. అంతా మాటలే, సంఖ్యలు కూడా మాటలలోనే. తెలియని రాశిని షై అన్నారు, అనగా వస్తువు. దాని వర్గాన్ని మాల్ అన్నారు, అనగా సొమ్ము. మూలాన్ని జిజ్ర్ అన్నారు. ఉర్దూ మీడియంలో మేము నేటికీ వర్గమూలానికి జజ్ర్ అనే అంటాము. అంతటి పాత మాట ఇంకా నల్లబల్ల మీద బ్రతికి ఉండడం మాకు సంతోషం కలిగించే విషయం.

ఆయన ఇచ్చిన లెక్క ఒకటి చూద్దాం. ఒక వర్గము, దాని మూలాలు పది కలిపితే 39. మూలం ఎంత? ఆయన చెప్పిన పద్ధతి: పదిలో సగం 5. దాని వర్గం 25. దానిని 39 కి కలిపితే 64. దాని మూలం 8. అందులోనుంచి ఆ 5 తీసివేస్తే 3. అదే జవాబు. సరిచూసుకోండి, తొమ్మిదీ ముప్ఫై కలిపితే 39. ఇంతటితో ఆగితే అది చిట్కా మాత్రమే. ఆయన బొమ్మ గీసి ఎందుకో చూపించారు. ఒక చతురస్రం కత్తిరించండి, దాని భుజం తెలియదు. దాని రెండు ప్రక్కల 5 వెడల్పు గల రెండు పట్టీలు అతికించండి. ఈ మూడు ముక్కలూ కలిపి 39. మూలలో ఖాళీ మిగిలింది, ఐదు బై ఐదు, అనగా 25. దానిని పూడిస్తే పెద్ద చతురస్రం తయారై దాని వైశాల్యం 64 అవుతుంది, భుజం 8. పట్టీ వెడల్పు 5 తీసివేయండి. తల్లులారా, ఇంట్లో పిల్లలకు పాత కాగితం, కత్తెర ఇచ్చి ఇది చేయించండి. పది నిమిషాల పని.

ఇటువంటి లెక్కలు ఆయనకు ముందు బాబిలోనియా వారికి వచ్చు, గ్రీకులకు వచ్చు, బ్రహ్మగుప్తునికి వచ్చు. సున్న కంటే తక్కువ సంఖ్యల విషయంలో బ్రహ్మగుప్తుడు ఖ్వారిజ్మీ గారికంటే ముందుకు పోయాడు కూడా. ఖ్వారిజ్మీ గారు రుణ సంఖ్యలను జవాబుగా ఒప్పుకోలేదు. మరి ఆయన గొప్పతనం ఎక్కడ? ప్రపంచంలో వచ్చే ఇటువంటి లెక్కలన్నీ ఆరు రకాలే అని ఆయన తేల్చారు. వర్గాలు మూలాలకు సమానం, వర్గాలు సంఖ్యకు సమానం, మూలాలు సంఖ్యకు సమానం, ఇవి మూడు సులభమైనవి. వర్గాలు మూలాలు కలిసి సంఖ్యకు, వర్గాలు సంఖ్య కలిసి మూలాలకు, మూలాలు సంఖ్య కలిసి వర్గాలకు సమానం, ఇవి మరి మూడు. మీ లెక్క ఏదైనా తెండి, జబ్ర్ చేసి, ముఖాబలా చేసి ఈ ఆరింటిలో ఒకటిగా మార్చండి, దానికి సరిపోయే పద్ధతి తయారుగా ఉన్నది. ఐదవ రకానికి కొన్నిసార్లు రెండు జవాబులు వస్తాయని కూడా చెప్పారు. వర్గము, 21 కలిపితే పది మూలాలు అనే లెక్కకు 3, 7 రెండూ సరిపోతాయి. కొన్నిటికి జవాబే లేదనీ, అది ఎప్పుడు అనీ కూడా చెప్పారు. ఒక్కొక్క లెక్కకు జవాబు చెప్పేవాడు పండితుడు. ఏ లెక్కకు ఏ పద్ధతి అని ఎంచే పద్ధతిని చెప్పినవాడు ఖ్వారిజ్మీ.

ఈ మాట వద్ద కొంచెం ఆగుతాము. మా వద్ద పదవ తరగతి చదివి, ఇప్పుడు కంప్యూటరు ఇంజనీరింగు చదువుతున్న ఒక అమ్మాయి సెలవుల్లో వచ్చి, ఉస్తాద్, హయ్యర్ ఆర్డర్ ఫంక్షన్ అంటే పుస్తకంలో ఎంత చదివినా తలకెక్కడం లేదు అన్నది. ఫంక్షన్ అంటే పెళ్ళి ఫంక్షన్ కాదు. ఒక వస్తువు ఇస్తే దానిపై ఒక పని చేసి మరొక వస్తువు తిరిగి ఇచ్చే నియమం. 4 ఇస్తే రెట్టింపు చేసి 8 ఇచ్చేది ఒక నియమం. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. చిక్కు వచ్చేది ఇక్కడ: నియమానికి సంఖ్యను ఇచ్చినట్టే, నియమానికి మరొక నియమాన్ని ఇవ్వవచ్చునట!

తరగతిలో బల్లపై పది సంఖ్యలు వ్రాసి ఒక పిల్లవాడిని పిలుస్తాము. ఒక చీటీ చేతికిచ్చి, ఈ చీటీలో ఏ పని ఉన్నదో ఆ పని ప్రతి సంఖ్యకూ చేసి ప్రక్కన వ్రాయమంటాము. చీటీలో రెట్టింపు అని ఉంటే పది రెట్టింపులు వస్తాయి. చీటీ మార్చి వర్గం అని వ్రాస్తే పది వర్గాలు వస్తాయి. పిల్లవాడి పని మారలేదు, అతడు వరుసగా పైనుండి కిందికి పోతున్నాడు. మారినది చీటీ. ఆ పిల్లవాడే హయ్యర్ ఆర్డర్ ఫంక్షన్. కంప్యూటరువాళ్ళు అతడికి మ్యాప్ అని పేరు పెట్టారు. చీటీలో పని బదులు సరి సంఖ్యా కాదా అనే ప్రశ్న ఉండి, అవును అన్నవాటినే ఉంచి మిగతావి తుడిచివేస్తే అది ఫిల్టర్. మరొక రకం కూడా ఉంది. మేము 3 అని చెబుతాము, పిల్లవాడు మూడు రెట్లు చేయుము అని చీటీ వ్రాసి ఇస్తాడు. 7 అంటే ఏడు రెట్ల చీటీ ఇస్తాడు. ఇక్కడ అతడు ఇచ్చిన జవాబే ఒక నియమం. ఆ అమ్మాయి ఇది విని, అంతేనా అన్నది. అంతేనా అంటే అంతే, కాని దీనికి ఇంకా మంచి ఉదాహరణ ఖ్వారిజ్మీ గారి పుస్తకం రెండవ సగంలో ఉన్నది అన్నాము.

ఆ రెండవ సగమే ముందు మేము దాచి ఉంచిన సంగతి. అది వారసత్వం, వసీయత్ లెక్కల భాగం. వారసత్వం, వసీయత్, భాగపంపిణీ, కోర్టు తగాదాలు, వ్యాపారం, భూమి కొలత, కాలువల త్రవ్వకం వీటిలో జనానికి నిత్యం పనికివచ్చే సులభమైన లెక్క చెప్పడమే తన ఉద్దేశ్యమని ఆయన ముందుమాటలో వ్రాశారు. ఫరాయిజ్ అంటే ఖురాన్ షరీఫులో నిర్ణయించిన వాటాలు. ఎనిమిదో వంతు, ఆరో వంతు, నాలుగో వంతు అన్నీ భిన్నాలే. దానికి వసీయత్ తోడైతే సామాన్యునికి లెక్క అందదు. అందుకే ఆల్జీబ్రా.

ఆయన ఇచ్చిన లెక్క ఇది. ఒక స్త్రీ చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. ఆస్తిలో ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపి ఒక పరాయి మనిషికి వసీయత్ చేసింది. ఎవరికెంత? ముందు వారసుల వాటా చూద్దాం. సంతానం ఉన్నప్పుడు భర్తకు నాలుగో వంతు. కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. ఆస్తిని 20 భాగాలు చేస్తే భర్తకు 5, కొడుకుకు 6, ఒక్కొక్క కూతురికి 3. ఇక వసీయత్. ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపితే 56 లో 15. మూడో వంతుకు మించలేదు కాబట్టి చెల్లుతుంది. మిగిలినది 56 లో 41. ఇరవైని యాభైఆరుతో గుణిస్తే 1120. పరాయి మనిషికి 300. మిగిలిన 820 లో భర్తకు 205, కొడుకుకు 246, ఒక్కొక్క కూతురికి 123. కూడి చూడండి, పైసా తేడా రాదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు రండి. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు అనే వారసుల జాబితాను ఫరాయిజ్ తెలిసిన ముఫ్తీ సాహెబుకు ఇచ్చామనుకోండి. ఆయన మనకు సొమ్ము ఇవ్వరు, ఒక చీటీ ఇస్తారు. ఐదు, ఆరు, మూడు, మూడు, మూడు పాళ్ళుగా పంచుము అని. ఆ చీటీకి ఎనిమిది వందలు ఇచ్చినా, ఎనిమిది లక్షలు ఇచ్చినా పంచి చూపుతుంది. అనగా జాబితా ఇస్తే నియమం తిరిగి వచ్చింది. తరువాత వసీయత్ వచ్చింది. వసీయత్ ఆ పాత చీటీని చింపివేయదు. దానిని చేతిలోకి తీసుకుని, ముందు 56 లో 15 భాగాలు ప్రక్కకు తీయుము, మిగిలినది ఈ పాత చీటీకి ఇవ్వుము అని కొత్త చీటీ తయారుచేస్తుంది. నియమాన్ని తీసుకుని నియమాన్ని తిరిగి ఇచ్చింది. అమ్మాయి నోటుపుస్తకంలో వ్రాసుకుని పోయింది.

ఇది చదివి, చూశారా హయ్యర్ ఆర్డర్ ఫంక్షన్ కూడా మనదే అని వచ్చే జల్సాలో ఎవరూ ప్రసంగించవద్దని మా మనవి. ఖ్వారిజ్మీ గారు లెక్క తరువాత లెక్క చేసి చూపారే గాని, నియమాన్నే ఒక వస్తువుగా చేతికిచ్చి పుచ్చుకునే శాస్త్రం వ్రాయలేదు. ఆ పని 1930 ప్రాంతంలో అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో అలొంజో చర్చ్ అనే ఆయన చేశారు. దానికి లాంబ్డా కాల్కులస్ అని పేరు. 1958 లో జాన్ మెకార్తీ లిస్ప్ అనే కంప్యూటరు భాషను తయారుచేయడం మొదలుపెట్టి ఆ ఆలోచనను యంత్రానికి అందించారు. ఎవరిది వారికి ఇవ్వాలి. హిందువుల అంకెలను హిందువులవని చెప్పిన మనిషి జీవితం వ్రాస్తూ వేరొకరి సొమ్ము ఆయన ఖాతాలో వేస్తే ఆయనకే నచ్చదు.

మళ్ళీ ఆ 123 దగ్గరికి వస్తాము. మన ఊళ్ళల్లో తండ్రి పోయిన తరువాత ఏమి జరుగుతున్నదో అందరికీ తెలుసు. నలభై రోజులు గడవకముందే ఎవరో పెద్దమనిషి మధ్యలో కూర్చుని, అక్కాచెల్లెళ్ళు వాటా మాఫ్ చేశారు అని ప్రకటిస్తాడు. జహేజ్ ఇచ్చాము కదా అని ఒకరంటారు, పుట్టింటి గడప తొక్కాలా వద్దా అని మరొకరంటారు. ఆ ఆడపిల్ల సంతకమో వేలిముద్రో పెడుతుంది. వాటా ఎంతో లెక్క కట్టి, అది ఆమె చేతిలో పెట్టి, తరువాత ఆమె ఇష్టపడి ఇస్తే అది మాఫ్. లెక్కే కట్టకుండా మాఫ్ చేయించుకుంటే దానిని ఏమనాలి? పై లెక్కలో ఆస్తి పదకొండు లక్షల ఇరవై వేల రూపాయలు అనుకుంటే ఒక్కొక్క కూతురికి లక్షా ఇరవైమూడు వేలు. ఈ అంకె ఆ గదిలో ఎవరూ పైకి చదవరు. మా తరగతిలో ఈ లెక్క చేయించినప్పుడు మగపిల్లలు తొందరగా జవాబు చెప్పారు. ఆడపిల్లలు మాత్రం జవాబు చెప్పి, కాసేపు దానినే చూస్తూ కూర్చున్నారు.

ఖ్వారిజ్మీ గారి మిగతా పనుల గురించి క్లుప్తంగా. సింద్‌హింద్ ఆధారంగా గ్రహాల గమనానికి పట్టికలు కూర్చారు. భూమి స్వరూపం గురించి 833 ప్రాంతంలో ఒక గ్రంథం పూర్తిచేసి, అందులో 2402 చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చారు. గ్రీకు పండితుడు టాలమీ మధ్యధరా సముద్రాన్ని ఉన్నదానికంటే చాలా పొడుగుగా, 63 డిగ్రీలుగా చూపగా, ఈయన దానిని 50 డిగ్రీలకు తగ్గించి నిజానికి దగ్గర చేశారు. ఆస్తర్లాబ్ అనే నక్షత్ర యంత్రం గురించి వ్రాశారు. యూదుల పంచాంగం పై ఒక చిన్న పుస్తకం వ్రాసి, పంతొమ్మిది సంవత్సరాల చక్రంలో వారు అధిక మాసాలు ఎలా వేస్తారో వివరించారు. పొరుగువారి పండుగ ఏ రోజు వస్తుందో లెక్కగట్టి చెప్పిన ముస్లిం పండితుడు అన్నమాట.

ఆయన చివరి దినాలలోనిదిగా తబరీ ఒక ఉదంతం వ్రాశారు. 847 లో ఖలీఫా వాసిఖ్‌కు జబ్బు చేయగా జ్యోతిష్కులను పిలిపించారు. వారిలో ఖ్వారిజ్మీ పేరు కూడా ఉన్నది. అందరూ కలిసి జాతకం చూసి, ఖలీఫా ఇంకా యాభై ఏళ్ళు బ్రతుకుతారని చెప్పారు. పది రోజుల్లో ఖలీఫా గతించారు. జాతకాలకు ఆల్జీబ్రా పూచీ లేదు కదా! ఆ తరువాత కొద్ది ఏళ్ళకు, 850 ప్రాంతంలో ఖ్వారిజ్మీ గారు కూడా పరమపదించారు. సమాధి ఎక్కడో తెలియదు. ఖీవా పట్టణంలో విగ్రహం పెట్టారు. 1983 లో సోవియట్ దేశం ఆయన పేరిట తపాలా బిళ్ళ వేసింది. చంద్రుని మీద ఒక గుంటకు ఆయన పేరు ఉన్నది.

ఆయన విద్య మాత్రం సమాధికి పోలేదు. ఉమర్ ఖయ్యాం దానిని ఘన సమీకరణాల వరకు తీసుకుపోయారు. రుబాయీలు వ్రాసిన ఖయ్యామే. హిందూస్తాన్ మదర్సాలలో చాలాకాలం చదివిన ఖులాసతుల్ హిసాబ్ అనే పుస్తకంలో జబ్ర్ ముఖాబలా పాఠం ఉన్నది. 1917 లో హైదరాబాదులో తర్జుమా శాఖను నెలకొల్పి, మరుసటి ఏడాది ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఉర్దూ మాధ్యమంలో ప్రారంభించినప్పుడు ఐరోపా గణిత గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి. అనగా బగ్దాదు నుండి లాటినుకు, లాటిను నుండి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుండి దక్కనుకు, వెళ్ళిన జజ్ర్ చుట్టు తిరిగి మళ్ళీ మన ఇంటికే వచ్చింది.

ఐరోపాకు ఆ పుస్తకం చేరిన విధం కూడా చెప్పాలి. 1145 లో స్పెయినులోని సెగోవియాలో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ ఆల్జీబ్రాను లాటినులోకి అనువదించాడు. తరువాత టొలెడోలో జెరార్డ్ ఆఫ్ క్రెమోనా మళ్ళీ అనువదించాడు. ఇద్దరూ మొదటి భాగాన్ని శ్రద్ధగా దించుకున్నారు, వారసత్వం భాగాన్ని వదిలివేశారు. వారి చట్టం వేరు, వారికి దానితో పని లేదు. ఆ భాగం అరబ్బీ చేతివ్రాత ప్రతులలోనే ఉండిపోయింది. 1831 లో ఫ్రెడరిక్ రోజెన్ అనే యువ పండితుడు ఆక్స్‌ఫర్డులో ఉన్న ప్రతిని చూసి, అరబ్బీ మూలాన్ని, ఇంగ్లీషు అనువాదాన్ని కలిపి లండనులో అచ్చు వేయించాడు. భర్త, కొడుకు, ముగ్గురు కూతుళ్ళ లెక్క అందులో ఉన్నది, మొదటి సగం దాటి రెండవ సగంలోకి పోతే కనిపిస్తుంది.